సావుకారు రాయని ఒక్క లైను

నాకు జరిగిందేమిటో ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. అందుకే నేనే రాస్తున్నాను.

గనులు జోరుగా నడిచిన రోజుల్లో మా సావుకారు లారీలో తొమ్మిదేళ్లు ఇనుప ఖనిజం తోలాను. గల్ఫులో డ్రైవర్లకు కరువుగా ఉందని, అనుభవం ఉన్నట్టు యజమాని రాసిన కాగితం తెస్తే పంపిస్తానని కౌల్ బజార్ ఏజెంటు చెప్పాడు. కాగితం కోసం సావుకారు ఇంటికి నాలుగుసార్లు తిరిగాను.

"రికార్డులో నీ పేరే లేదు కదప్పా, ఏమని రాసేది?" అని నవ్వాడు.

పర్మిట్ కంటే ఎక్కువ లోడు తోలే డ్రైవర్ల పేర్లు ఆయన ఎక్కడా రాయించేవాడు కాదు. చెక్‌పోస్టులో లారీ పట్టుబడిన రోజు మాత్రం, కేసు నా మీద రాయించడానికి, నా పేరు, మా నాయన పేరు కూడా ఆయనకు గుర్తొచ్చేవి.

నాలుగోసారి తిరిగొస్తుంటే, మోక ఊరికి పోయే బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన అడిగాడు. "ఏందప్పా, మొగం అట్ల పెట్టుకోనుండావు?"

అంతా చెప్పాను. ఆయన జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, మడతల దగ్గర చిరిగిన ఇంగ్లీషు ఉత్తరం చూపించాడు.

"మస్కట్లో రెండేండ్లు తోలినా. వచ్చేటప్పుడు మా సేటు అడక్కుండానే ఇచ్చినాడు. ఒకటే లైను, ఈ మనిషి నా బండి తోలినాడని."

తర్వాత నా చెయ్యి పట్టుకుని గోళ్లలో ఇరుక్కున్న ఎర్రమట్టి చూశాడు.

"ఇంత కనపడతాంటే, రాసేకి ఏం రోగమప్పా వానికి?"

ఏజెంటు ఇంకొకరిని పంపించాడు. ఇప్పుడు నాకు ఆ దేశమూ వద్దు, ఆ ఉద్యోగమూ వద్దు. సావుకారూ, తొమ్మిదేళ్లు మీ లారీ తోలింది నేనా, కాదా? ఒక్క లైను రాసి సంతకం పెట్టండి.