ఎడమకు తొమ్మిది మిల్లీమీటర్లు

పాత తుపాకిని పరీక్షించేటప్పుడు నేను మొదట చూసేది మరల, అంటే స్క్రూల, తలలను. నిపుణుడు బిగించిన మర తలలోని గాటు గొట్టాలకు సమాంతరంగా నిలిచి ఉంటుంది. ఎవరైనా ఒక్కసారి విప్పి బిగించినా ఆ గాటు అంచు నలుగుతుంది, లేదా వెంట్రుకవాసి పక్కకు తిరిగి ఆగుతుంది. అందుకే మరలు చెదరని తుపాకి దొరికితే సేకర్తలు కళ్లకద్దుకుంటారు. అటువంటి దానికి నేనూ స్క్రూడ్రైవర్ తాకించను.

ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీ టూల్‌రూంలో కొలతలు తీసినవాణ్ని. రిటైరై నల్లగొండలో స్థిరపడ్డాక, లైసెన్సున్న ఒకరిద్దరు సేకర్తలు తుపాకి కొనే ముందు నన్ను వెంట తీసుకుపోయేవారు. ఏది పుట్టుకతో వచ్చిన భాగం, ఏది తర్వాత మార్చిన భాగం అని తేల్చి కాగితం మీద పెట్టడం నా పని.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ఒక ఎండాకాలపు మధ్యాహ్నం, తుపాకి కొనాలనుకున్న హైదరాబాదు వకీలు ఒకాయనతో కలిసి ఆయుధాల దుకాణానికి వెళ్లాను. కేతేపల్లి దగ్గరి రైతు ఒకాయన చనిపోతే, ఆయన జంట గొట్టాల తుపాకిని ఇంటివాళ్లు అక్కడ భద్రపరిచారు. లైసెన్సుదారు పోయాక అది ఇంట్లో ఉండకూడదు. పాత దొర ఊరు విడిచి వెళ్తూ, బత్తాయి తోటలోకి అడవిపందులు రాకుండా కాపలా కాసిన ఈ రైతు పేరు మీదికి మార్పించిన తుపాకి అది. కొడుకు మహబూబ్‌నగర్ వైపు స్కూల్లో టీచరు. తన పేరున లైసెన్సుకు పెట్టుకుంటే రాలేదు. లైసెన్సున్నవారెవరైనా తీసుకుంటే తుపాకి తుపాకిగా మిగులుతుంది. లేదంటే సర్కారుకు అప్పగించాలి, అక్కడ దాన్ని ముక్కలు చేస్తారు. కొడుకు కోరేది ఒకటే, అది ముక్కలు కాకూడదు.

కొడుకు వెంట తల్లి కూడా వచ్చింది. గుమ్మం పక్క బల్ల మీద కొంగు కప్పుకొని కూర్చుంది.

నేను పరికరాలు పరుస్తుంటే దుకాణదారు నవ్వాడు. “సార్, మీరు తుపాకిని సూసుడు పెండ్లిపిల్లను సూసినట్టే ఉంటది.”

“పిల్లకన్న ఎక్కువనే,” అన్నాడు వకీలు. “పిల్లనైతే గిట్ల కొలుస్తే తన్ని ఎల్లగొడ్తరు.”

గొట్టాల పొడవు సరిగ్గా ఉంది, ఎవరూ కోయలేదు. మూతి దగ్గర ఉండవలసిన సన్నదనం రెండు గొట్టాల్లోనూ అలాగే ఉంది. మూడు చోట్ల చెక్కిన నంబర్లు ఒకదానితో ఒకటి కలిశాయి. మరల గాట్లు గీత గీసినట్టు నిలిచి ఉన్నాయి. “మరలు ఎన్నడూ విప్పలేదు” అని రాసుకున్నాను. వకీలు కళ్లు మెరుస్తున్నాయి.

చివరికి భుజానికి ఆనించే కర్ర వంతు వచ్చింది. రెండు గొట్టాల మధ్య పట్టీ మీదుగా దారం లాగి, కర్ర చివర ఎంత పక్కకు ఉందో కొలిచాను. కుడి భుజానికి ఆనించి కాల్చేవాడి కోసం చేసిన కర్ర కొద్దిగా కుడికి వంగుతుంది. ఇది ఎడమకు వంగి ఉంది, తొమ్మిది మిల్లీమీటర్లు. మళ్లీ కొలిచాను. అదే తొమ్మిది. కర్ర మెడ దగ్గర నూనె ఇంకిన నలుపు కనిపించింది. చేతి చెమట అనుకున్నాను.

“ఇది ఎడమచేతి వాటం మనిషికి చేసిన కర్ర,” అన్నాను. “మీ బాపుది ఎడమచేతి వాటమా?”

“కాదు సార్. అన్నం తినుడు, కొడవలి పట్టుడు, అన్నీ కుడిచెయ్యే.”

“అట్లయితే కర్ర మార్చిండ్రు.”

వకీలు తుపాకిని మెల్లగా బల్ల మీద పెట్టాడు. “మార్చిన కర్ర నాకొద్దు సార్. ఏమనుకోకుండ్రి.”

కొడుకు ముఖం మాడిపోయింది. “ఎవలు మార్చిండ్రు? మా బాపు దీన్ని ఇంకోని చేతికియ్యలే. ఎలక్షన్లొచ్చినప్పుడల్లా ఠాణాల పెట్టి తెచ్చుకునేటోడు, గంతే.” తుపాకి వైపు చూశాడు. “అంటే ఠాణాల గీ తుపాకే మారిందా? ఇది మా బాపుది కానే కాదా?”

నేను చెప్పవలసింది కొలత మాత్రమే అనుకున్నాను. “అది నేను చెప్పలేను. ఈ కర్ర మాత్రం దీనిది కాదు,” అన్నాను. గుమ్మం దగ్గర తల్లి నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. ఎండకు దాహం వేస్తుందేమోనని దుకాణదారు నీళ్లిచ్చాడు. తీసుకుంది గాని తాగలేదు.

రెండు నెలల తర్వాత పాత కాగితాలు పెద్ద పుస్తకంలోకి ఎత్తి రాస్తుండగా ఆ తుపాకి పేజీ వచ్చింది. నాలుగో వాక్యం: మరలు ఎన్నడూ విప్పలేదు. ఎనిమిదో వాక్యం: కర్ర మార్చారు. మరలు విప్పకుండా కర్రను మార్చడం ఎవరికీ సాధ్యం కాదు. రెండూ నా చేతిరాతే. మధ్యలో మూడు వాక్యాల దూరం. కొలత మీద నమ్మకంతో ఆ దూరాన్ని నేను వెనక్కి నడవలేదు.

మరునాడే కేతేపల్లి బస్సెక్కాను. సెలవులు కావడంతో కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. తల్లి వాకిట్లో ఆముదపు గింజలు ఎండబోస్తోంది. నా తప్పు ఒప్పుకున్నాను. కర్ర దానిదేనని, ఎవరో దాన్ని వేడి చేసి వంచారని చెప్పాను.

“ఎవలో కాదు సారూ,” అంది తల్లి, తల ఎత్తకుండానే. “మేమే. ఆయన, నేను.”

కొడుకు వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

“ఆయనకు కుడికన్ను పోయింది. ముల్లు గుచ్చుకొని, బొత్తిగ మసక. దవాఖానకు రానన్నడు. కన్ను లేదంటే లైసెన్సు తీసేస్తరని ఫికరు. ఎడమ భుజం మీద పెట్టుడు నేర్చుకున్నడు. గని కట్టె అటు ఒదుగుతలేదన్నడు. ఆముదం మసలబెట్టిన. మెడకాడ బట్ట చుట్టి గంటెతోని పోసుకుంట కూసున్న. ఆయన తాడు పెట్టి గుంజి, బండి నొగకు కట్టిండు. తెల్లారిందాక గట్లనే ఉంచినం.”

“నాకెందుకు చెప్పలే అవ్వా?” అన్నాడు కొడుకు.

“నువ్వు హాస్టల్ల ఉంటివి. ఎవ్వలకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు.”

“ఆ దినం దుకాణంలనన్న చెప్పొద్దా? బాపు పోయినంక ఇంక లైసెన్సెక్కడిదే!”

“నోటిదాక వచ్చింది,” అంది. “సారు గంత గట్టిగ చెప్తుంటే, నేనేమన్న మతిలేక అంటున్ననా అనుకున్న.”

ఆ మాటకు నేను తల దించుకున్నాను. తుపాకి ఇంకా దుకాణంలోనే ఉందా అని కొడుకును అడిగాను, ఉంటే వకీలుతో మాట్లాడతానన్నాను.

“లేదు సార్. మా బాపుది కానిదాన్ని దాచుడెందుకని అప్పజెప్పిన. సంతకం నేనే పెట్టిన. పోయిన నెలనే ముక్కలు చేసిండ్రట.”

వెంట తెచ్చిన పుస్తకం తీసి ఎనిమిదో వాక్యాన్ని కొట్టివేశాను. దాని కింద “కర్ర అసలుదే. యజమాని, ఆయన భార్య ఇంట్లో ఆముదం పోసి వంచారు” అని రాశాను. ఆ వాక్యంతో ఇక ఎవరికీ పని లేదు.

“ఎంత వంగింది సారూ?” అని అడిగింది తల్లి.

సంచిలోంచి కొలత తీసే కాలిపర్ తీశాను. దాని దవడలను తొమ్మిది మిల్లీమీటర్లకు తెరిచి, బిగించి, ఆమె ముందు పెట్టాను. ఆముదపు దుమ్ము అంటిన చిటికెన వేలును ఆ సందులో పెట్టింది. వేలు కొసే దూరింది, గోరు దాటి పోలేదు.

“గింతేనా?” అంది. “ఇంక జర, ఇంక జర అని రాత్రంతా గుంజిండు. మస్తు వంచినమనుకున్న.”

వేలు తీయలేదు. నేనూ కాలిపర్ వెనక్కి అడగలేదు.