ఇంట్ల జేసినట్టే అన్నాను

ఎన్నో ఏళ్లుగా ఒక మాట మోస్తున్నాను. అక్షరాలు రాని రోజుల్లో దాన్ని బయటపెట్టాలంటే ఇంకొకరికి చెప్పి రాయించుకోవాలి. ఆ ఇంకొకరి మొహం చూడలేక ఊరుకున్నాను. ముసలితనంలో రాయడం నేర్చుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్భైల చివర్లో మేం కాశిబుగ్గలో ఉండేవాళ్లం. మగ్గం ఉన్నా, దాని మీదికి నూలు ఉండేది కాదు. పక్కింటి అండాలు నాకంటే చిన్నది. ఊరి బయట నూలు మిల్లులో ఆడవాళ్లను తీసుకుంటున్నారని పరుగున వచ్చి చెప్పింది. ఆమె చెప్పకపోతే నాకా సంగతే తెలియదు. ఆమె భర్త దగ్గుతో మగ్గం మీద కూర్చోలేకపోతున్నాడు. ఆ ఇల్లు గడవాలంటే ఆమెకు పని దొరకాలి.

చంటిపిల్లను ఎత్తుకుని నేనూ ఆమె వెంట వెళ్లాను. మొదట కళ్లూ చేతులూ చూశారు. ఇద్దరం నెగ్గాం. తర్వాత తెగిన దారం అతికే పరీక్ష. ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. నా వంతు ముందొచ్చింది. పిల్లను అండాలు చేతికిచ్చి వెళ్లాను. మగ్గాల ఇళ్లలో మేం దారం కొసను నాలుకతో తడిపి, పేని అతుకుతాం. అలవాటు కొద్దీ అలాగే చేయబోయాను. మేస్త్రీ ఆపాడు.

"నోట్లె పెట్టకమ్మా. ఇక్కడ పొడిచేతులే. పొద్దుగాల్నుంచి అందరు గిదే పని. నీకు చెప్పిన, ఇగ ఎవ్వరికి చెప్ప. నోట్లె పెట్టినోళ్లను పంపుడే."

పొడివేళ్లతో అతికాను. తలూపాడు. బయటికొస్తే గుమ్మం దగ్గర అండాలు.

"అక్కా, లోపట ఏం జేపిస్తాండ్లే?"

"ఏం లేదు. ఇంట్ల జేసినట్టే అతుకు."

"గంతేనా? నేనింక ఏందో అనుకున్న. ఇగ ఫికర్ లేదు."

పిల్లను నాకిచ్చి, నవ్వుకుంటూ లోపలికి వెళ్లింది.

ఎందుకలా అన్నాను? మిల్లులో ఇంక ఒక్కరికే పని ఉందని వరుసలో ఎవరో అన్నారు. ఆమె వేళ్లు నా వేళ్లకంటే చురుకు. ఆలోచించకుండా నోరు జారిందని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ఆమె అడిగాక నేనొక ఊపిరి తీసుకున్నాను. ఆ ఊపిరిలోనే అంతా ఆలోచించుకున్నాను.

ఆమె వెంటనే బయటికొచ్చింది. "నోట్లె పెట్టిన్నని ఎల్లగొట్టిండక్కా. పోనీ, నీకన్న పని రావాలె." నా మీద అనుమానమే లేదు. నేను చివరి పిలుపుకు వెళ్తుంటే పిల్లను మళ్లీ తనే తీసుకుంది.

లోపల మేనేజరు పేరు, ఊరు అడిగాడు. పని ఇస్తున్నామన్నాడు. తర్వాత, "ఇంకొకరు కావాలి. చెబితే నేర్చుకునే మనిషి మీ వాడలో ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

గోడ అవతల అండాలు నా పిల్లను ఆడిస్తున్న సవ్వడి వినిపిస్తూనే ఉంది.

"లేరు సార్," అన్నాను.

మొదటి అబద్ధాన్ని ఆకలి మీదకు తోయవచ్చు. రెండోదాన్ని దేనిమీదకు తోయను? అప్పటికి నా పని నాకు దొరికింది. ఆమె మిల్లులోకి వస్తే, మేస్త్రీ నాకు ముందే చెప్పాడన్న సంగతి ఏదో ఒకరోజు ఆమెకు తెలుస్తుందని భయపడ్డాను. అంతే. నా అబద్ధం దాగడానికి ఆమె కూడు తీసేశాను.

ఆ ఎండాకాలం వాళ్లు పని వెతుక్కుంటూ భీవండి వెళ్లిపోయారు. ఆమె భర్త అక్కడే పోయాడని విన్నాను. ఆమెకిక్కడ పని దొరికి ఉంటే అతను బతికేవాడా? తెలియదు. తెలియదన్న మాట చాటున దాక్కోవడం కూడా నాకు అలవాటైపోయింది. ఆ తర్వాత ఒక పెళ్లిలో అండాలు కనిపించి నా చెయ్యి పట్టుకుంది. "మా అక్క మిల్లుల జేస్తది" అని అందరికీ గొప్పగా చెప్పింది. నేను నీళ్ల వంకతో లేచిపోయాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది ఆమెను. ఎక్కడుందో కనుక్కోవచ్చు. ఇంతవరకూ కనుక్కోలేదు.

అండాలు నన్ను నమ్మి అడిగింది, నేను తెలిసీ తప్పు చెప్పాను. ఆమె కోసం ఒక పని ఎదురుగా ఉంటే, ఎవరూ లేరన్నాను. ఇంతసేపూ నేను రాయాలనుకున్నవి ఈ రెండు వాక్యాలే. రాసి, అక్షరాల కింద వేలు పెట్టుకుని మళ్లీ చదివాను. అందులో ఉన్నది నిజమే.