చెమట సంగతి చెప్పని రేడియో

మా చిన్నప్పుడు రేడియోలో సాయంత్రం వార్తలు అయిపోయి వాతావరణం మొదలైందంటే ఇంట్లో ఎవరూ దగ్గకూడదు... చెంబు కాస్త గట్టిగా కింద పెట్టినా మా నాన్న, అదే బాపు, గుడ్లురిమి చూసేవాడు.

జనగామ పక్కన నర్మెట్ట దగ్గర పల్లె మాది. ఊర్లో రైతులందరూ వాన కబురు కోసం వినేవాళ్ళు. మా బాపు మాత్రం ఆ ఎండాకాలమంతా విశాఖపట్నంలో ఎండ ఎంతో వినడానికి కూర్చున్నాడు. మా అక్క దానికి దగ్గర్లోని భీమునిపట్నంలో ఉండేది. బావకు అక్కడ సర్కారు కొలువు. అక్కకు తొలిచూలు... అప్పుడే ఏడో నెల పడింది.

తొలి కాన్పు తల్లిగారింట్లోనే కావాలి కదా. ఏడో నెలలో తీసుకురావాలి. ఎనిమిదో నెలలో గడప దాటించరు. తొమ్మిదో నెలలో అంత దూరం రైలు ప్రయాణమంటే ఎవరికి ధైర్యం? అందుకే మా అవ్వ (అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్ళం) పోయి బిడ్డను తోలుకరమ్మని బాపు వెంట పడింది.

బాపు కదల్లేదు. ఈసారి తెలంగాణలో వడగాలులు ఎక్కువ, ఉత్తర కోస్తాలో ఎండ మామూలే అని ఉగాది ముందే రేడియోలో చెప్పారట. ఇక రోజూ అదే లెక్క. మా దగ్గర నలభై నాలుగు... అక్కడ ముప్పై నాలుగు. ముప్పై నాలుగంటే మాకు శివరాత్రి నాటి ఎండ, తలకు రుమాలు కూడా చుట్టుకోం. పైగా సముద్రం ఒడ్డు. చల్లగా కూర్చున్న పిల్లను తెచ్చి ఈ నిప్పుల్లో పడేయమంటావా అని అవ్వ మీదికి లేచేవాడు. అప్పటికి మా ఇంట్లో సముద్రం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు!

చివరికి అక్కకు ఒక కార్డు రాసి పడేశాడు. ఎండలు ముదిరాయి, నువ్వు అక్కడే ఉండు, వానలు పడ్డాక చూద్దాం అని. దానికి జవాబు రాలేదు. రెండు వారాలు చూసి, ఒకరోజు అవ్వ అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. సరే, చూసి మాత్రం వస్తానని బాపు బయల్దేరాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. సముద్రం చూస్తానని గోల చేస్తే నన్నూ తీసుకెళ్ళాడు.

కాజీపేటలో రైలెక్కాం. వడదెబ్బ తగలకుండా బాపు అంగీ జేబులో ఒకటి, నా గౌను జేబులో ఒకటి ఉల్లిగడ్డ పెట్టి పంపింది అవ్వ... చల్లటి ఊరికి పోతున్నామని తెలిసినా సరే.

మర్నాడు మధ్యాహ్నానికి అక్క ఇల్లు చేరాం. ఒకటే గది, పైన రేకులు. అక్క మెడ నిండా చెమటకాయలు. దండెం మీద బట్టలు ముందురోజు ఉతికినవట, ఇంకా తడిగానే ఉన్నాయి. మమ్మల్ని చూసి నవ్వింది గానీ ఎక్కువ మాట్లాడలేదు. పక్కింటామె మజ్జిగ తెచ్చిచ్చి, మీ పిల్ల నోరు విప్పదేమిటని బాపును అడిగింది. అక్క మాట్లాడితే అక్కడి పిల్లలు "గిట్ల, గట్ల" అని వెక్కిరించేవాళ్ళని నాకు తర్వాత తెలిసింది.

బాపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కాసేపటికి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. అంగీ వీపుకు అతుక్కుపోయింది. మా ఊర్లో ఎంత ఎండైనా చెమట పట్టగానే ఆరిపోయేది. ఇక్కడ ఆరదే! మూడోసారి లేచి వాకిట్లోకి పోయి రుమాలు పిండాడు... నీళ్ళు కారాయి.

లోపలికొచ్చి మెల్లగా అడిగాడు. "దినాం గిట్లనే ఉంటదా బిడ్డా?"

"గిట్లనే ఉంటది."

"మరి కార్డు ముక్కన్న రాయకపోతివి..."

అక్క తల దించుకుంది. "రావద్దన్నవు గద బాపు. కాన్పు చేసుడు బరువైందేమో అనుకున్న. ఇంకేం రాయాలె?"

ఎవరి ముందూ కళ్ళనీళ్ళు పెట్టని మనిషి, ఆ తడి రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "ఈడ చల్లగుంటదనుకున్న బిడ్డా... రేడియోల గీ చెమట ముచ్చట చెప్పలే."

ఏడో నెల ఇంకా నాలుగు రోజులే మిగిలింది. బావ ఇంటికి రాగానే బతిమాలి ఒప్పించి, మర్నాడే అక్కను రైలెక్కించాడు. నేను సముద్రం చూడనేలేదు. అడిగితే తంతాడని అడగలేదు కూడా.

ఇంటికొచ్చాక వాకిట్లో పచ్చి తాటికమ్మలతో పందిరి వేశాడు. తలుపులకు గోనెసంచులు కట్టి గంటకోసారి తానే నీళ్ళు చల్లాడు, అవ్వను కూడా ముట్టనివ్వలేదు. అక్క ఆ పందిరి కింద పడుకుని పగలబడి నవ్వుతూ అందరికీ ఆ ఊరి ముచ్చట్లు చెప్పేది, మన మాటలోనే. వానలు పడ్డాక జనగామ దవాఖానలో ఆడపిల్ల పుట్టింది.

అక్క ఇప్పటికీ ఆ ఊర్లోనే ఉంది. నేను హనుమకొండలో. ఇప్పుడు ఫోన్ అన్నీ చెబుతుంది... అక్కడ ఎండ ఎంత, గాలిలో తేమ ఎంత, ఒంటికి ఎంత వేడిగా అనిపిస్తుంది. మొన్న చూసి "ఉక్కపోత ఎక్కువుందట అక్కా, పైలం" అని జాగ్రత్త చెబుతూ మెసేజ్ పెట్టాను. ఆమె ఒక దండం బొమ్మ పంపింది. నేనూ ఒకటి పంపాను.

నేను ఆ గడప తొక్కి నాలుగేళ్ళయింది.

మీరూ ఇట్లాగే ఎండ చూసి, వాన చూసి ఎవరినైనా రావద్దన్నారా? వాళ్ళు ఏమనుకున్నారో ఎప్పుడైనా అడిగారా? ఉంటే రాయండి... నేను మాత్రం ఇది రాస్తూ రాస్తూనే శనివారానికి టికెట్ తీసుకున్నాను. అక్కకు ఇంకా చెప్పలేదు.