స్పిరిట్‌తో తుడిచిన అద్దం

మ్యూజియంలో అందరూ ఆమెను అద్దాలమ్మ అనేవారు. భర్త పోయిన ఏడాది పనిలో చేరి, ఇరవై రెండేళ్లుగా అక్కడి గాజు బీరువాలు తుడుస్తోంది. ఆ ఉద్యోగం ఇప్పించింది పాత విగ్రహాలకు మరమ్మతులు చేసే మాస్టారు. ఆమె భర్తకు ప్రాణస్నేహితుడు. ఆమెను నోరారా "వదినా" అని పిలిచేవాడు.

సెలవు మర్నాడు పొద్దున్నే అద్దాలమ్మ కంచు విగ్రహాల గది తలుపు తీసేసరికి, క్యూరేటర్ గారు నేలమీద బోర్లా పడి ఉన్నారు. పక్కనే నిచ్చెన. తల దగ్గర రక్తం అప్పటికే నల్లబడింది.

"నిచ్చెన జారినట్టుంది, పాపం," అన్నారు వచ్చినవాళ్లంతా. మాస్టారు అందరికంటే ఎక్కువ ఏడ్చాడు.

ఆమె మాత్రం బీరువాల వంకే చూస్తోంది. ఒక్కరోజు తుడవకపోతే చాలు, ప్రతి అద్దం మీదా పలచగా దుమ్ము పడుతుంది. శవం పక్కనున్న బీరువా ఒక్కటే తళతళలాడుతోంది. దగ్గరకెళ్లి వాసన చూసింది. స్పిరిట్! ఆమె వాడేది నీళ్లూ, పాత పేపర్లూ. స్పిరిట్ సీసాలుండేది మరమ్మతుల గదిలోనే.

మధ్యాహ్నం మెట్ల కింద గదిలో గుడ్డలు పిండుతుంటే, వెనక తలుపు మూసిన చప్పుడైంది.

"ఏంటి వదినా, పొద్దున అద్దం వాసన చూశావు?" మాస్టారి గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"మరకేదైనా ఉందేమోనని."

"ఉందా?"

"లేదు."

ఆయన కదల్లేదు. బకెట్లో నీళ్లనే చూస్తూ, "నీకు నేనెప్పుడూ చెడు చెయ్యలేదు. గుర్తుపెట్టుకో," అన్నాడు. తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆమె తడిచేతులతోనే, విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టర్ దగ్గరకెళ్లింది. "సార్, ఆ అద్దం తుడిచింది నేను కాదు."

బీరువా చట్రం సందులో రక్తపు చార దొరికింది. లోపలి విగ్రహాల్లో రెండు నకిలీవి. అసలువి ఎప్పుడో చేతులు మారాయి. క్యూరేటర్ పసిగట్టి నిలదీస్తే, మాస్టారు ఆయన తలను బీరువాకేసి మోది, నిచ్చెన తెచ్చి పడేశాడు. సాయంత్రానికి ఒప్పుకున్నాడు.

వారం తర్వాత మాస్టారి భార్య వచ్చి అద్దాలమ్మ ఇంటి గుమ్మంలో నిలబడింది.

"చూసీ చూడనట్టు ఊరుకుంటే నీకేం పోయేది అక్కా?"

అద్దాలమ్మ కుర్చీ జరిపింది. ఆవిడ కూర్చోలేదు.

అద్దాలమ్మ మరో ఐదేళ్లు మ్యూజియంలోనే పనిచేసింది. మాస్టారికి యావజ్జీవ శిక్ష పడిందని తెలిసిన రోజు మాత్రం పనికి వెళ్లలేకపోయింది.