పెట్టెలో నిలిచిపోయిన గొంతు

పోయిన వారం పులివెందుల బస్టాండులో టీ చెప్పి నిలబడితే, పక్క బెంచీ మీద తెల్లకర్ర పట్టుకుని కూర్చున్న ఒకామె నా గొంతు విని ఇటు తిరిగి, "సార్, మాకు చరిత్ర పాఠాలు చదివి పంపించింది మీరే గదా?" అంది. ఆమెను నేను అంతకు ముందెన్నడూ చూడలేదు. ఆ పాఠాలు విని డిగ్రీ పరీక్ష రాసి, ఇప్పుడు బడిలో పిల్లలకు చదువు చెబుతోందట. టీ సంగతి మరిచిపోయాను. మా మేనత్త కళ్లముందు నిలిచింది.

చిన్నతనంలోనే చూపు పోయినా చదువు వదలక, జమ్మలమడుగు కాలేజీలో చరిత్ర చెప్పే ఉద్యోగం సంపాదించుకున్న మనిషి మా అత్త. నేనప్పుడు ప్రొద్దుటూరులో ఒక కాలేజీలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. ఖర్చు లేకుండా వస్తుందని అన్నింట్లోనూ లినక్స్ అనే సాఫ్ట్‌వేరే వేయించారు. ఆ రోజుల్లో దానితో తంటాలు పడ్డవాళ్లకు గుర్తుండే ఉంటుంది, తెర వెలిగితే ఒక పండుగ, పాట మోగితే రెండో పండుగ. పులివెందులలో చూపులేని అమ్మాయిలిద్దరు డిగ్రీ పరీక్షకు కడుతున్నారనీ, బ్రెయిలీ పుస్తకాలు దొరకలేదనీ, పాఠాలు నేను చదివి సీడీల్లోకి ఎక్కించి తీరాలనీ అత్త పట్టుబట్టింది. పరీక్షకు నెల కూడా లేదు.

ఆదివారం పొద్దున ఒక అధ్యాయమంతా చదివి, తిరిగి వేసి వింటే ఒట్టి నిశ్శబ్దం. మైకు మార్చాను, తీగ మార్చాను, సౌండు కార్డు ఊడదీసి తుడిచి పెట్టాను. చివరికి విసుగెత్తి, లినక్సే మళ్లీ మొదటినుంచీ ఎక్కిస్తానని లేచాను. పొద్దున్నే వచ్చి నా పక్కన కళ్లు మూసుకుని వింటూ కూర్చున్న అత్త అప్పుడు అడ్డు తగిలింది.

"ఒరే, మడికి నీళ్లు రాకుంటే మడి తవ్వుతారా యాడైనా? కాలవెంబడి పోయి, నీళ్లు యాడిదాకా వస్తాండాయో చూస్తారు గానీ! నువ్వు చదివేటప్పుడు నీ గొంతు ఆ స్పీకర్లలో వస్తానే ఉండాది. అంటే మైకూ బాగుండాది, కార్డూ బాగుండాది. ఇనిపించే దావ వేరే, రాసుకునే దావ వేరే ఏమో చూడు."

తెల్లబోయాను. స్పీకర్లలో నా గొంతు నేనూ విన్నాను, దాని అర్థమే తట్టలేదు. ధ్వని హెచ్చుతగ్గులు చూసుకునే మిక్సర్ తెరిస్తే, వినిపించే వైపు మైకు గీత పైదాకా ఉంది. రికార్డింగు వైపు మాత్రం మైకును ఎంచుకోనేలేదు. నేను ఏ తీగా తగిలించని మరో రంధ్రం నుంచి ఆ పెట్టె శ్రద్ధగా నిశ్శబ్దాన్ని రాసుకుంటోంది. తెరమీద ఆ వైపు మైకు గీత మీదికి పోయి, దాన్ని ఎంచుకోవడానికి స్పేస్ బార్ ఒక్కసారి నొక్కాను. నాలుగు మాటలు చెప్పి తిరిగి వేస్తే, నాలుగు మాటలూ పలికాయి. అత్త ముఖం విప్పారింది గానీ నన్ను పొగడనివ్వలేదు.

"శానా పొద్దుబోయింది, మొదటి పాఠం తియ్యి," అంది.

ఆ తరువాత పది సాయంత్రాలు బస్సులో వచ్చి పక్కన కూర్చుని, తప్పు పలికినచోటల్లా ఆపించి, మళ్లీ చదివించింది. సీడీలు పరీక్షకు వారం ముందే పులివెందుల చేరాయి.

అత్త పోయి ఏళ్లు గడిచాయి. ఇప్పుడు ఏది మొరాయించినా అవతల పారేసి కొత్తది తెచ్చుకుంటున్నాం. దానికి ఏమైందో కనుక్కునే ఓపిక ఎవరికీ లేదు. నేను మాత్రం ఇంట్లో ఏదైనా చెడిపోతే, దాని ముందు కళ్లు మూసుకుని కాసేపు కూర్చుంటాను. కునుకు తీస్తున్నాననుకుని మావాళ్లు టీవీ గొంతు తగ్గిస్తారు.