బావర్చీ చాచా పథ్యం

1978లో నేను వరంగల్ స్టేషన్ దగ్గర ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసేదాన్ని. ల్యాబ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. మెట్ల కింద గది, ఒక సింకు, ఒక మైక్రోస్కోపు, ఒక కలరీమీటరు. రక్తం నుంచి తీసిన సీరంలో రసాయనం కలిపితే రంగు తేలుతుంది. అది ఎంత చిక్కగా ఉందో కలరీమీటరు చూపిస్తుంది. దాన్ని బట్టి లెక్క కట్టి రిపోర్టు రాయడం నా పని. నా రిపోర్టును ఎవరైనా శంకిస్తే మాత్రం ఊరుకునేదాన్ని కాదు. నా కోపం ముక్కు మీదే ఉండేది.

ఖాదర్ చాచా దావత్‌లకు వంట చేసే బావర్చీ. ఆయన బగారన్నం తినని వీధి మా వైపు లేదు. అలాంటి మనిషి ఒకరోజు గోడ పట్టుకుని కుంటుతూ వచ్చాడు. కుడికాలి బొటనవేలు ఎర్రగా ఉబ్బిపోయింది. లుంగీ అంచు తగిలినా విలవిల్లాడుతున్నాడు.

"బిడ్డా, మా గల్లీల ఒకాయనకు షుగరొచ్చి కాలు తీసేసిండ్రు. నాది గూడ తీస్తరా? పొయ్యి కాడ నిలవడకుంటే నేనెట్ల బతుకుత?" అన్నాడు.

షుగర్ కాదు, గౌట్ అని తేలింది. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై, సన్నటి గాజుపొడిలా కీలులో పేరుకుంటుంది. దాన్ని తగ్గించడానికి మాత్రలున్నాయి కానీ, నాలుగు రోజులు వేసుకోగానే చాచాకు ఒళ్లంతా దద్దుర్లు లేచి మొహం వాచింది. ఇక మిగిలింది పథ్యమే. "మాంసం పూర్తిగా బంద్. జొన్నరొట్టె, ఆకుకూరలు, కాయగూరలు. పప్పు కూడా కొంచెమే" అని డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

నెల తర్వాత చూస్తే యూరిక్ యాసిడ్ ఇసుమంత కూడా తగ్గలేదు. రెండో నెలా అంతే. చాచా ముక్క ముట్టలేదని ఒట్టు పెడుతున్నాడు. డాక్టరుగారు నన్ను పిలిచి, "రీజెంట్ పాతబడిందేమో చూడమ్మా" అన్నారు. రీజెంట్ అంటే రంగు తేల్చే రసాయనం. నాకు ఒళ్లు మండింది. కొత్తది కలిపి, చాచా రక్తంతో పాటు నా రక్తం కూడా పరీక్షించాను. నాది సరిగ్గా వచ్చింది. ఆయనది మళ్లీ ముదురు నీలం. ఇక నాకు అనుమానమే లేదు. ఈయన దొంగచాటుగా తింటున్నాడు.

బయటికి వచ్చి, "చాచా, వైద్యుడి దగ్గర, వకీలు దగ్గర దాచకూడదంటారు" అన్నాను, కాస్త కటువుగానే.

"అల్లా కసమ్ బిడ్డా! దావత్‌ల గూడ ముట్టలే. ఇంటి టిఫిన్ తప్ప ఏం తింటలేను" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నేను నమ్మలేదు.

రక్తం ఇవ్వడానికి చాచా పొద్దున్నుంచి ఏమీ తినలేదని ఆయన భార్య, చాచి, టిఫిన్ క్యారియర్ తెచ్చింది. ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. "రా బిడ్డా, నువ్వు గూడ జర తిను. ఇయ్యాల శనివారం, నువ్వు నీసు తినవని నాకు ఎరికే. దీంట్ల ఏం లేదు, ఉత్త సొరకాయ" అని పిలిచాడు చాచా.

గిన్నె మూత తీసింది చాచి. సొరకాయ దాల్చా. చలికాలం కదా, పైన తెల్లటి కొవ్వు గడ్డకట్టి ఉంది.

"చాచీ, ఇందులో ఏమేం వేశారు?"

"సొరకాయ, శనగపప్పు, చింతపండు. బొక్కలు ఏసి మంచిగ ఉడకబెట్టి, దించినంక ఏరి తీసేస్త. ఆయనకు ఒక్క ముక్క రానియ్య."

"బొక్కలా? మాంసం ఎముకలా?"

"బొక్క లేకుంటే దాల్చా ఎట్లయితది బిడ్డా?" అంది చాచి, నాకు వంట రాదని జాలిపడుతూ.

నాకు నవ్వు వచ్చింది, వెంటనే సిగ్గు వేసింది. యూరిక్ యాసిడ్‌ను పెంచే సరుకంతా ఆ రసంలోకే దిగుతుంది. శనివారం నాడు నా ముందు ఆ గిన్నె పెట్టిన మనిషి అబద్ధమాడేవాడు కాదు. విషయం చెప్పగానే చాచి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నా చేతులతోటి నేనే పెట్టిన్నా?" అని ఏడ్చేసింది. డాక్టరుగారే వచ్చి ఆమెను ఓదార్చి, అసలు తప్పు సరిగ్గా చెప్పని తనదే అన్నారు. తీగ లాగితే డొంకంతా కదిలింది. దావత్‌లలో దేగ్చా దేగ్చాకూ మాంసం ఉడికిన షోర్వా అరచేతిలో పోసుకుని ఉప్పు చూస్తాడట చాచా. అది తినడం కిందికి రాదనుకున్నాడు.

అప్పటి నుంచి ఉప్పు చూసే పని ఆయన తమ్ముడిది. చాచి ఆయనకు వేరే గిన్నె పెట్టింది. నువ్వులపొడి వేసి బీరకాయ, తోటకూర వేపుడు, పచ్చిపులుసు. "గడ్డి మేస్తున్న బిడ్డా" అని మొదట్లో మొత్తుకునేవాడు. తర్వాత తర్వాత సొరకాయకు నిజంగా ఏం రుచి ఉంటుందో ఇప్పుడే తెలిసిందనేవాడు.

రెండు నెలల తర్వాత ట్యూబులో రంగు లేత నీలంగా తేలింది. నమ్మలేక మళ్లీ చేశాను. అదే రంగు. ట్యూబు పట్టుకుని డాక్టరుగారి గదికి పరుగెత్తాను. గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. ఆ వారమే చాచా ఒక పెళ్లికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి వండాడు. కాలు తీసేస్తారేమోనన్న భయం పోయింది.

ఆ తర్వాత పథ్యం మీద ఉన్న ప్రతి రోగినీ ఏం తింటున్నారని అడిగి ఊరుకోలేదు. ఎట్లా వండుతున్నారో కూడా అడిగేదాన్ని. కానీ నేను నేర్చుకున్నది అంతకంటే పెద్దది. ఒకసారి చాచాను అడిగాను, "మీరు తినకపోయినా అంత వస్తుంటే, నా రిపోర్టే తప్పని మీకెప్పుడూ అనిపించలేదా?"

"నువ్వెందుకు తప్పు రాస్తవ్ బిడ్డా? నా దగ్గర్నే ఏదో తప్పున్నదనుకున్న" అన్నాడు.

నేను ఆయన మొహంలోకి చూడలేకపోయాను.