ముందు అల్లని ముక్క

సిద్దిపేటలో ముప్పై ఏళ్లు బీడీలు చుట్టిన బాలమణి, ఆ పని తగ్గాక నా దగ్గర అల్లిక నేర్చుకుంది. బీడీకి దారం బిగించిన ఆ వేళ్లు ఉన్నినీ అలాగే బిగించేవి. అందుకే ఏ స్వెటరుకైనా ముందు అరచేతంత ముక్క అల్లి, కుట్లు కొలవమని పదేపదే చెప్పాను.

ఆమె భర్త నర్సాగౌడ్ తెల్లవారకముందే లొట్టి అనే కుండలో కల్లు దించడానికి ఈతచెట్లు ఎక్కుతాడు. చలికి అతనికి దగ్గు పట్టుకోవడంతో డిసెంబరులో స్వెటరు మొదలుపెట్టింది.

"ముక్క అల్లి చూశావా?" అని అడిగాను.

"ముక్కకు ఉన్ని దండుగ టీచరమ్మా. పుస్తకంల లెక్క ఉన్నది గదా."

నెల తరువాత ఆ స్వెటరు నర్సాగౌడ్ భుజాల దగ్గరే ఆగిపోయింది.

"గిది నాకల్లినవా, కల్లులొట్టికి అల్లినవా?" అన్నాడతను దగ్గుతూనే.

అంత చక్కని పనితనం కొలత లేక పనికిరాకుండా పోవడం చూసి నాకు బాధేసింది. బాలమణి మొత్తం విప్పి, ముక్క అల్లి, స్కేలు పెట్టింది. పుస్తకం ఇరవై కుట్లు చెప్పిన వెడల్పులో ఆమెవి ఇరవై ఎనిమిది ఉన్నాయి.

సరైన స్వెటరు పూర్తయ్యేసరికి శివరాత్రి వచ్చి, చలి వెళ్లిపోయింది. అప్పటిదాకా అతను నా మఫ్లరు చుట్టుకొని చెట్లెక్కాడు.